జలపాతాల దగ్గర రాయి మీద ఒక ఎర్ర గీత గీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సెలవుల్లో చూడాల్సిన జలపాతాలంటూ రెండు పేజీలు వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, గది అద్దె ఎంత, అన్నీ రాశారు. మా అమ్మాయి ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది కూడా. నేను అటూ ఇటూ తిరిగినప్పుడల్లా అది కళ్ళబడుతుంటే మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ రెండు పేజీల్లో నీళ్ళు పెరిగితే ఏం చేయాలి, పెరుగుతున్నాయని అసలు ఎలా తెలుస్తుంది అన్నదాని గురించి ఒక్క వాక్యం లేదు. మిమ్మల్ని తప్పుపట్టడం కాదు, మొన్న దసరా సెలవుల దాకా ఆ సంగతి మాకూ తెలియదు.

మాది ఖమ్మం. దసరాకి శృంగేరి వెళ్ళాలని మా అత్తయ్య ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నారు. ఈసారి అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మా మరిది, తోడికోడలు, వాళ్ళ రెండేళ్ళ బాబు, మొత్తం తొమ్మిది మందిమి బెంగళూరు దాకా రైల్లో వెళ్ళి అక్కడ నుంచి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. శారదాంబ దర్శనం తృప్తిగా అయింది, తుంగా నదిలో చేపలకి పిల్లలు మరమరాలు వేశారు. ట్రావెల్స్ వాళ్ళు వాట్సాప్‌లో పంపిన ప్రోగ్రాంలో మూడో రోజు 'ఫాల్స్, రెండు గంటలు' అని ఉంది, అంతే. అక్కడ కొండ దిగాలా, వాగు దాటాలా, ముసలివాళ్ళు నడవగలరా అని మేమూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

శృంగేరి నుంచి ఆగుంబె అనే ఊరు ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడ ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపితే 800 మిల్లీమీటర్లు, దానికే రోడ్లు చెరువులవుతాయి కదా, ఆ లెక్కన ఆలోచించండి. రాజనాగం మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఆ ఊళ్ళోనే ఉంది, పాముల నిపుణులు రోములస్ విటేకర్ గారు 2005లో పెట్టారు. మేం దిగిన హోమ్‌స్టే ఆయన వక్క తోట ఉన్న రైతు, అరవై దాటి ఉంటాయి. మా పిల్లలు ఆయన్ని మొదటి రోజు నుంచే అజ్జ అని పిలిచారు, కన్నడంలో తాతయ్య అని. పొద్దున్నే కషాయం ఇస్తూ, మీతో నేనూ వస్తాను, ఒక్కళ్ళే వెళ్ళకండి అన్నారు. రోజు కూలీ లెక్కన ఏదో కొంత ఇమ్మన్నారు. దారి కనిపిస్తూనే ఉంటుందట కదా, మనకెందుకు అని మా ఆయన, మరిది అనుకున్నారు. మామయ్య మాత్రం ఊరివాళ్ళ మాట వినాలిరా అని గట్టిగా పట్టుబట్టారు. ఆ రోజు మామయ్య ఆ మాట అనకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ నాకు రాత్రి నిద్ర పట్టదు.

జలపాతం పేరు రాయడం లేదు. అడవి తట్టుకోలేదు, పేపర్లో పేరు వేయకండి అని అజ్జ అడిగారు, మాటిచ్చాను. సీతా నదిలో కలిసే ఒక వాగు మీద ఉంది, అంతవరకు చాలు. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర టికెట్లు తీసుకుని సుమారు రెండు కిలోమీటర్లు దిగాలి.

ఆ రెండు కిలోమీటర్లు మా జీవితంలో మరిచిపోలేం. మనం చూసే అడవులు వేరు. మా ఖమ్మం వైపు అడవి అంటే టేకు చెట్లు, తునికి చెట్లు, ఎండాకాలం వచ్చిందంటే ఆకులన్నీ రాలి నేల కనిపిస్తుంది. అక్కడ దాదాపు ఏ చెట్టూ పూర్తిగా ఆకు రాల్చదు. పైన కొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పట్టపగలు పన్నెండు గంటలకి కూడా సాయంత్రం ఆరైనట్టు ఉంటుంది. చెట్ల మొదళ్ళు గోడల్లాగా నాలుగు వైపులా చీలి నేల మీద నిలబడి ఉంటాయి, ఒక వేరు చాటున మా ఇద్దరు పిల్లలూ దాక్కుంటే కనిపించలేదు. కీచురాళ్ళ మోత ఎంతగా ఉందంటే పక్కనున్న మనిషితో కొంచెం గొంతు పెంచి మాట్లాడాలి, ఉన్నట్టుండి అదంతా ఒక్కసారి ఆగిపోతుంది, అప్పుడు భయం వేస్తుంది. దారిలో ఒక చోట చెట్ల కింద నాగ ప్రతిమలు, పసుపు, ఆకుల మధ్య ఎర్రటి పూలు. నాగబన అన్నారు అజ్జ, ఆ చెట్ల కొమ్మ కూడా ఎవరూ కొట్టరట. అత్తయ్య మన నాగుల చవితి పుట్ట దగ్గర నిలబడినట్టే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. భాష రాకపోయినా ఆవిడకి అక్కడ ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

జలగల గురించి కూడా చెప్పాలి, ఎవరూ ముందు చెప్పరు కాబట్టి. తడి ఆకుల మీద దారం ముక్కల్లా నిలబడి ఉంటాయి, మనిషి అడుగు పడగానే తల తిప్పుతాయి. పట్టుకున్నది తెలియదు, నొప్పి ఉండదు, అది రాలిపోయాక రక్తం ఆగదు, దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. మా తోడికోడలు కాలి మీద రక్తం చూసి ఏడ్చేసింది. అజ్జ దగ్గర చిన్న గుడ్డ మూటలో ఉప్పు, సున్నం కలిపి ఉంది, అది తాకిస్తే వదిలేసింది. రెండు రోజులు దురద తప్ప ఇంకేం కాలేదు. పిల్లలు అయితే ఇంటికొచ్చాక కూడా జలగల లెక్కలే చెప్పుకున్నారు, ఎవరికి ఎన్ని పట్టాయని.

ఇక జలపాతం. నల్లటి రాతి గోడ మీద నుంచి తెల్లగా పడుతోంది, తుంపర వంద గజాల దాకా వచ్చి మొహానికి తగులుతోంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. మడుగు లోపలికి వెళ్ళొద్దు, పైకి కనిపించేంత నెమ్మది కాదు అది అని అజ్జ చెప్పారు కాబట్టి పిల్లలు ఒడ్డునే ఆడుకున్నారు. వాగు మధ్యలో మంచం అంత బల్లపరుపు బండ ఒకటి ఉంది, దాని చుట్టూ చీలమండ లోతు నీళ్ళు. అందరం దాని మీద కూర్చుని, శృంగేరి హోటల్లో కట్టించుకున్న పులిహోర తిన్నాం. పైన ఆకాశం నీలంగా ఉంది. మబ్బు తునక లేదు. ఈ మాట మళ్ళీ రాస్తాను, మా నెత్తిన మబ్బు తునక కూడా లేదు.

మేమంతా జలపాతం వైపు చూస్తున్నాం. అజ్జ ఒక్కరే దాని వైపు చూడటం లేదు. ఒడ్డున ఒక రాయి ఉంది, దాని మీద నాచు ఒక మట్టం దాకా ఉండి ఆగిపోయింది, అక్కడ నుంచి రాయి పొడిగా ఉంది. ఆయన చూపు దాని మీదే ఉంది. ఒకసారి లేచి వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి కొట్టుకొచ్చిన ఆకులు తీసి చూశారు. ఎండుటాకులు కాదు, పచ్చివి, అప్పుడే విరిగిన చిన్న రెమ్మలు. అంతే, "నీరు బర్తా ఇదె, మేలె బన్ని" అని అరిచారు. నీళ్ళు వస్తున్నాయి, పైకి రండి అని. ఆ రెండు ముక్కలూ తెలుగువాళ్ళకి తర్జుమా అక్కర్లేదు. అయినా మా మరిది బాబుని ఎత్తుకుని, ఒక్క ఫొటో అన్నయ్యా, ఒక్కటి అంటున్నాడు. మామయ్య అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. అందరం టిఫిన్ డబ్బాలు, ఒక సంచి, అత్తయ్య చెప్పులు అక్కడే వదిలేసి ఒడ్డెక్కాం.

ఎక్కి వెనక్కి తిరిగి చూసేసరికి నీళ్ళ రంగు మారింది. ముందు పల్చటి టీ రంగు, తర్వాత ఎర్రమట్టి. చప్పుడు కూడా మారింది, అప్పటిదాకా ఉన్నది పైనుంచి పడే నీటి మోత, ఇప్పుడు కింద రాళ్ళు దొర్లుతున్న గుడగుడ. పది నిమిషాలు కూడా అయి ఉండదు, మేం కూర్చున్న బండ కనిపించలేదు. ఆ చోట నీరు ఉబ్బి పైకి లేస్తోంది, అంతే. నా చేతులు వణుకుతుంటే పిల్లల్ని పట్టుకుని కూర్చుండిపోయాను.

తర్వాత అజ్జ చెప్పారు, దసరా రోజుల్లో మధ్యాహ్నం దాటాక పైన ఘాట్ మీద ఉరుములతో వాన పడుతుందట. నాలుగు నెలల వానకి నేల అప్పటికే తాగాల్సినంత తాగి ఉంటుంది, ఇంక ఇంకించుకోదు, పడిన వాన పడినట్టే వాగులోకి జారుతుంది, వాలు నిటారుగా ఉండటంతో గంట తిరగకుండానే కిందికి వచ్చేస్తుంది. వాన ఒక చోట, నీళ్ళు ఇంకో చోట. కింద ఎండ కాస్తుంటే మనం ఫొటోలు దిగుతూ ఉంటాం.

అక్కడితో అయిపోలేదు. వచ్చేటప్పుడు దారిలో ఒక పిల్ల వాగు దాటాం, పాదాలు తడిశాయి అంతే. ఇప్పుడు అది నడుము లోతు, పరుగెడుతోంది. అజ్జ మమ్మల్ని దాటనివ్వలేదు. చీకటి పడుతుంది, ముసలివాళ్ళున్నారు, పసివాడికి పాలు లేవు, ఫోన్లో సిగ్నల్ లేదు, మా ఆయన బతిమాలారు. ఆయన కదల్లేదు, నీరు వచ్చినంత వేగంగానూ దిగుతుంది, కూర్చోండి అన్నారు. అదే సమయంలో ఇంకో గుంపు, కాలేజీ వయసు కుర్రాళ్ళు ఆరుగురు, వద్దంటున్నా చేతులు పట్టుకుని గొలుసులా దిగారు. మధ్యలో ఒకడికి కాలు జారింది. గొలుసు తెగింది. ఆ అబ్బాయి మా కళ్ళముందే పది పదిహేను గజాలు కొట్టుకుపోయి ఒక చెట్టు వేరు దొరికితే పట్టుకున్నాడు. ఆ వేరు లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. అరడుగు లోతు నీరు వేగంగా పారుతుంటే పెద్ద మనిషిని కూడా పడేస్తుందని ఇంటికొచ్చాక చదివాను, ఆ రోజు చూశాను. అజ్జ తన నడుముకి చుట్టుకొచ్చిన తాడు విసిరి ఆ అబ్బాయిని లాగారు. మేం రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. నిజంగానే దిగింది. మోకాలి కిందికి వచ్చాక అటూ ఇటూ చెట్లకి తాడు కట్టి ఒక్కొక్కరినీ దాటించారు. సెల్‌ఫోన్ లైట్లతో చెక్‌పోస్టు చేరేసరికి ఏడున్నర.

ఎడిటర్ గారూ, ఇది మా ఒక్కరి కథ అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది పోయారు. అక్కడ వాన కాదు, పైన లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్ళు, కానీ పిల్లలు నిలబడింది మాలాగే నది మధ్య రాళ్ళ మీద, చేస్తున్నది మాలాగే ఫొటోలు దిగడం. 2024 జూన్ 30న లోనావాలాలో భూషి డ్యాం వెనక జలపాతంలో ఒకే కుటుంబంలోని ఐదుగురు, అందులో నలుగురు పిల్లలు, కొట్టుకుపోయే ముందు ఒకరినొకరు పట్టుకుని నీళ్ళ మధ్య నిలబడిన వీడియో మనందరి ఫోన్లకీ వచ్చింది. నేను అప్పుడు చూసి అయ్యో అని పక్కకి జరిపేశాను. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళు నిలబడిన రాయి, మేం పులిహోర తిన్న రాయి ఒకటే అనిపిస్తోంది.

బతికిన వాళ్ళ సంగతి కూడా ఉంది, అది ఎవరూ గుర్తుపెట్టుకోరు. 2023 జులైలో మన ములుగు జిల్లా ముత్యంధార జలపాతానికి వెళ్ళి సుమారు 80 మంది తిరిగి వచ్చే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. వాళ్ళని విపత్తుల్లో కాపాడే ఎన్డీఆర్ఎఫ్ దళం వాళ్ళు రాత్రికి రాత్రి వెళ్ళి బయటికి తెచ్చారు. ఆగిన చోట ఆగితే సాయం వస్తుంది, నీరు దిగుతుంది. ఇంటికి ఆలస్యమవుతుందనే తొందర, రేపు ఆఫీసు ఉందనే టెన్షన్, ఇవే మనల్ని నీళ్ళలోకి దింపుతున్నాయి.

నేను అడిగేది చిన్న విషయం. బొగత, కుంటాల, మల్లెలతీర్థం, తలకోన, ఎక్కడికి వెళ్ళినా 'ప్రమాదం, లోతు ఎక్కువ' అన్న బోర్డే ఉంటుంది. లోతు గురించి చెబుతుంది, పెరగడం గురించి చెప్పదు. పైగా బోర్డు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఎండ కాసే రోజూ అదే, వాన పడే రోజూ అదే, అందుకే ఎవరూ చదవరు. దానికి బదులు అజ్జ చూసిన ఆ రాయి లాంటిది ప్రతి జలపాతం దగ్గరా ఉంటుంది కదా. ఊళ్ళో నీటి సంగతి తెలిసిన నలుగురిని అడిగి, దాని మీద ఎర్ర రంగుతో ఒక గీత గీయించండి. 'నీరు ఈ గీతని తాకితే ఉన్నపళంగా పైకి రండి' అని తెలుగులో, పక్క రాష్ట్రాల వాళ్ళూ వస్తారు కాబట్టి ఇంగ్లీషులో, హిందీలో రాయించండి. ఏటా వానల ముందు రంగు మళ్ళీ వేయాలి. ఒక డబ్బా పెయింటు ఖర్చు. చదువురాని వాళ్ళకి కూడా గీత మునిగిందో లేదో తెలుస్తుంది, ఏడేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది.

గీత ఒక్కటే చాలదు, అక్కడ ఒక మనిషి కూడా కావాలి. టికెట్ గది దగ్గర కాదు, నీళ్ళ దగ్గర. ఆ ఊరి కుర్రాళ్ళనే పెట్టండి, వాళ్ళకి జీతం ఇవ్వండి, ఒక తాడు, ఒక విజిల్ ఇవ్వండి. మేమిచ్చే టికెట్ డబ్బులు దానికి ఖర్చు పెడితే ఎవరం కాదనం. విజిల్ వేస్తే రాని వాళ్ళకి జరిమానా వేసినా నేను సమర్థిస్తాను, మా మరిదితో సహా. ట్రావెల్స్ వాళ్ళు కూడా ప్రోగ్రాంలో రెండు గంటలు అని రాసి ఊరుకోకుండా, నడక ఎంత, దారిలో వాగులున్నాయా, మధ్యాహ్నం ఎన్నింటికల్లా పైకి వచ్చేయాలి అని రాస్తే వాళ్ళకి పోయేదేముంది?

మీరు మాత్రం ఈసారి జలపాతాల పేజీ వేసినప్పుడు, గది అద్దె రాసే చోటే ఇంకో నాలుగు ముక్కలు రాయండి. నీళ్ళ మధ్య రాళ్ళ మీద కూర్చోకండి. నీరు రంగు మారినా, పచ్చి ఆకులు కొట్టుకొచ్చినా, చప్పుడు మారినా సామాన్లు వదిలేసి ఒడ్డెక్కండి. పొంగిన వాగు దాటకండి, దిగేదాకా కూర్చోండి. వెంట ఊరి మనిషిని తీసుకెళ్ళండి.

జలపాతాలకి వెళ్ళొద్దని నేను అనడం లేదు. పిల్లలకి ఆ అడవి చూపించినందుకు నాకు సంతోషమే. మా అమ్మాయి ఇప్పటికీ ఆ కీచురాళ్ళు ఒక్కసారి ఆగిపోవడం గురించి చెబుతుంది. అత్తయ్య మళ్ళీ శృంగేరి వెళదాం అంటున్నారు, ఆ నాగబన దగ్గర పసుపు కుంకుమ ఇచ్చి రావాలట. వెళ్తాం. అజ్జకి ముందే ఫోన్ చేసి, పైన వానలు ఎలా ఉన్నాయో అడిగి వెళ్తాం.

ఉత్తరంతో పాటు రెండు ఫొటోలు పంపుతున్నాను, మా అబ్బాయి ఒడ్డు మీద ఒకే చోట నిలబడి తీసినవి. మొదటిది 2 గంటల 48 నిమిషాలకి, బండ మీద తొమ్మిది టిఫిన్ ప్లేట్లు కనిపిస్తాయి. రెండోది 3 గంటల 11 నిమిషాలకి, అందులో బండ కోసం వెతకకండి, కనిపించదు. వేసేటట్టయితే రెండూ పక్కపక్కనే వేయండి, సమయాలు కింద తప్పకుండా రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం